పార్టిషన్ మార్చాక కంప్యూటర్ ఆన్ కావట్లేదా? ఫార్మాట్ కొట్టించకండి

చంద్రపూర్, బల్లార్షా, రాజురాల్లో బొగ్గు గనులనూ పేపర్ మిల్లునూ నమ్ముకుని స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. రాజురా అయితే 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలోని ఆదిలాబాద్ జిల్లాదే. ఇలాంటి ఇళ్లలో తరచుగా అందరికీ కలిపి ఒకటే ల్యాప్‌టాప్ ఉంటుంది. కాలేజీ ల్యాబ్ పనికని అబ్బాయి అందులో లినక్స్ వేసుకుంటాడు. నాన్న పీఎఫ్ ఫారాలకూ, చెల్లెలి చదువుకూ విండోస్‌ని అలాగే ఉంచుతాడు. కొన్నాళ్లకు విండోస్‌లో చోటు చాలదు. ఖాళీగా ఉన్న ఒక పార్టిషన్ తీసేసి పక్కదాంట్లో కలుపుతాడు. రీస్టార్ట్ చేస్తే నల్లటి తెర మీద రెండు తెల్లటి లైన్లు! షాపుకు తీసుకెళ్తే మొదట వినిపించే మాట "ఫార్మాట్ మార్నా పడేగా" (ఫార్మాట్ కొట్టాల్సిందే) అని.

తొందరపడి సరే అనకండి. ఫోటోలు, ప్రాజెక్టు ఫైళ్లు, సర్టిఫికెట్ల స్కాన్లు సాధారణంగా డిస్కులో ఉన్నచోటే ఉంటాయి. వాటి దగ్గరికి వెళ్లే దారి మాత్రమే తెగింది. ఆ దారి మళ్లీ వేయడం మీకూ చేతనవుతుంది.

ఒక పాత ల్యాప్‌టాప్‌ని ఉదాహరణగా తీసుకుందాం. డిస్కులో 5వది డి డ్రైవ్, 6వది ఇ డ్రైవ్, 7వది లినక్స్. కంప్యూటర్ ఆన్ కాగానే గ్రబ్ అనే చిన్న ప్రోగ్రాం లేచి, విండోస్ కావాలా లినక్స్ కావాలా అని అడుగుతుంది. ఆ మెనూ, దానికి కావలసిన ఫైళ్లు 7వ పార్టిషన్‌లో ఉన్నాయని గ్రబ్ గుర్తుపెట్టుకుంటుంది. మీరు ఇ డ్రైవ్ తీసేశారు. పాత పద్ధతి డిస్కులో 5 నుంచి మొదలయ్యే లాజికల్ పార్టిషన్లలో ఒకటి పోతే వెనకవన్నీ ఒక అంకె ముందుకు జరుగుతాయి. వీధిలో ఒక ఇల్లు పడగొట్టి ఇంటి నంబర్లన్నీ మార్చేస్తే పోస్ట్‌మ్యాన్ పాత నంబరు పట్టుకుని తిరిగినట్టే గ్రబ్ కూడా 7 కోసం వెతుకుతుంది. లినక్స్ ఇప్పుడు 6లో ఉంది. అందుకే "నో సచ్ పార్టిషన్" అని ఒక లైను, దాని కింద "గ్రబ్ రెస్క్యూ" అని ఇంకో లైను వస్తాయి. గ్రబ్ అందరికంటే ముందు కూర్చుంటుంది కాబట్టి ఏ తప్పూ లేని విండోస్ కూడా లేవదు.

ముందుగా ఆ తెరను ఫోనుతో ఫోటో తీసుకోండి. అక్కడున్న మాటలను బట్టే మందు. "గ్రబ్ రెస్క్యూ" అని ఉంటే పైన చెప్పిన జబ్బే. "నో బూటబుల్ డివైస్" అని ఉంటే బూట్ వరుస మారి ఉండాలి, లేదా బూట్‌కు కావలసిన చిన్న పార్టిషన్ పోయి ఉండాలి. ఏమీ అడగకుండా నేరుగా విండోస్ వచ్చేస్తుంటే ముందు బయోస్ సెటప్‌లోకి వెళ్లి బూట్ వరుసలో లినక్స్ పేరు ఉందేమో చూడండి. ఉంటే దాన్ని పైకి జరిపితే చాలు. ఇక లినక్స్ సగం లేచి, ఒకటిన్నర నిమిషం ఆగి, ఎమర్జెన్సీ మోడ్‌లోకి పోతే గ్రబ్ తప్పు కాదు. దాని సంగతి తర్వాత చెబుతాను.

ఒక హెచ్చరిక. ఆ డిస్కును విండోస్ ఉన్న వేరే కంప్యూటర్‌కు తగిలిస్తే లినక్స్ పార్టిషన్‌ను విండోస్ చదవలేక, వాడాలంటే ఫార్మాట్ చేయాలి అని పెట్టె చూపిస్తుంది. అక్కడ క్యాన్సిల్ నొక్కండి. బతికి ఉన్న డేటా చాలాసార్లు చచ్చేది ఆ ఒక్క నొక్కుతోనే.

గ్రబ్ రెస్క్యూ నుంచి బయటపడడం

కమాండ్లను ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. కీబోర్డు మీద మాత్రం ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టాలి. ఈ తెర మీద పాత కమాండ్‌ను పై బాణంతో వెనక్కి తెచ్చుకోలేరు, సగం కొడితే అదే పూర్తిచేసే సౌకర్యమూ లేదు. నిదానంగా కొట్టండి.

మొదట ఎల్, ఎస్ అనే రెండు అక్షరాలు కొట్టి ఎంటర్ నొక్కండి. (హెచ్‌డీ0), (హెచ్‌డీ0,ఎంఎస్‌డాస్6), (హెచ్‌డీ0,ఎంఎస్‌డాస్5) అంటూ డిస్కులో ఉన్నవన్నీ వరుసగా వస్తాయి. కొత్త ల్యాప్‌టాప్ అయితే ఎంఎస్‌డాస్ బదులు జీపీటీ అని ఉంటుంది. ఇప్పుడు ఒక్కోదాన్నీ తెరిచి చూడాలి. ఎల్ఎస్ కొట్టి, ఒక ఖాళీ వదిలి, బ్రాకెట్లతో సహా ఆ పేరు రాసి, చివర వాలుగీత పెట్టి ఎంటర్ నొక్కండి. విండోస్ పార్టిషన్లకు "అన్‌నోన్ ఫైల్‌సిస్టమ్" అని వస్తే భయపడకండి. విండోస్ డ్రైవ్‌లను చదివే ముక్క ఈ దశలో గ్రబ్ దగ్గర సాధారణంగా ఉండదు. బూట్, ఈటీసీ, హోమ్, యూఎస్ఆర్ లాంటి ఫోల్డర్ల పేర్లు కనిపించినచోట ఆగండి. లినక్స్ అదే.

మన ఉదాహరణలో అది 6 కాబట్టి ఈ నాలుగు లైన్లూ ఒకదాని తర్వాత ఒకటి కొట్టాలి:

సెట్ ప్రిఫిక్స్=(హెచ్‌డీ0,ఎంఎస్‌డాస్6)/బూట్/గ్రబ్
సెట్ రూట్=(హెచ్‌డీ0,ఎంఎస్‌డాస్6)
ఇన్‌స్‌మాడ్ నార్మల్
నార్మల్

సమానం గుర్తుకు అటూ ఇటూ ఖాళీ ఉండకూడదు. మూడో లైనులో మొదటి మాటకు అక్షరాలు ఐ, ఎన్, ఎస్, ఎం, ఓ, డి. లైను ఒప్పైతే తెర ఏమీ అనదు, మళ్లీ గ్రబ్ రెస్క్యూ అని మాత్రం వస్తుంది. నాలుగోది కొట్టగానే మీకు అలవాటైన మెనూ లేచి వస్తుంది. రాకపోతే, బూట్‌కు వేరే పార్టిషన్ ఉందేమో చూడండి. అలా ఉంటే మొదటి లైనులో ఆ పార్టిషన్ అంకె వేసి, బూట్ తీసేసి ఉత్త గ్రబ్ అని రాయాలి.

ఇక్కడితో చాలామంది పని అయిపోయిందనుకుంటారు. ఈ సర్దుబాటు ఈ ఒక్కసారికే. లినక్స్‌లోకి వెళ్లి టెర్మినల్ తెరిచి, సుడో గ్రబ్-ఇన్‌స్టాల్ /డెవ్/ఎస్‌డీఏ అని కొట్టండి. చివర అంకె పెట్టకండి, ఇది మొత్తం డిస్కు పేరు. డిస్కు పేరు మీ కంప్యూటర్‌లో వేరేగా ఉండవచ్చు, ఎల్‌ఎస్‌బీఎల్‌కే అనే కమాండ్ చెబుతుంది. యూఈఎఫ్ఐ ఉన్న కొత్త యంత్రాల్లో డిస్కు పేరు అక్కర్లేదు. తర్వాత సుడో అప్‌డేట్-గ్రబ్. ఇది ఉబుంటు, మింట్, డెబియన్ కుటుంబానికి వర్తిస్తుంది.

మెనూలో విండోస్ పేరు మాయమైతే అది కూడా పోయిందని బెంగపడకండి. 2021లో వచ్చిన గ్రబ్ 2.06 నుంచి పక్క సిస్టమ్‌లను వెతికే పనిని మొదట్లోనే ఆపేసి ఉంచుతున్నారు. /ఈటీసీ/డీఫాల్ట్/గ్రబ్ ఫైలులో ఓఎస్ ప్రోబర్‌ను డిసేబుల్ చేసే లైనుకు ఫాల్స్ అని పెట్టి అప్‌డేట్-గ్రబ్ మళ్లీ నడిపితే కనిపిస్తుంది.

పెన్‌డ్రైవ్ దారి

కమాండ్లంటే గుబులుగా ఉన్నా, పై దారి పారకపోయినా, 8 జీబీ పెన్‌డ్రైవ్ తెచ్చుకోండి. స్నేహితుడి కంప్యూటర్‌లో లినక్స్ మింట్ దింపుకుని, రూఫస్‌తో పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించండి. మింట్‌నే ఎందుకు చెబుతున్నానంటే బూట్-రిపేర్ అనే పనిముట్టు అందులో ముందే ఉంటుంది. ఆన్ చేసేటప్పుడు డెల్, లెనోవోలకు ఎఫ్12, హెచ్‌పీకి ఎఫ్9 నొక్కి పెన్‌డ్రైవ్‌ను ఎంచుకోండి. అక్కడ దాని పేరు రెండుసార్లు కనిపిస్తే, మీ సిస్టమ్ యూఈఎఫ్ఐలో వేసిందైతే యూఈఎఫ్ఐ అని రాసి ఉన్నదే తీసుకోండి. ఇది తప్పితే తర్వాతి మరమ్మతు నిలవదు. ఇన్‌స్టాల్ బొమ్మను ముట్టుకోకండి.

మరమ్మతుకు ముందు ఫైల్ మేనేజర్ తెరిచి ముఖ్యమైనవన్నీ ఇంకో డిస్కులోకి కాపీ చేసుకోండి. ఆ తర్వాతే బూట్-రిపేర్ తెరిచి, సిఫారసు చేసిన రిపేర్ బటన్ నొక్కండి. ఇంటర్నెట్ ఉంటే మంచిది, ఫోన్ హాట్‌స్పాట్ సరిపోతుంది.

ఎమర్జెన్సీ మోడ్ సంగతి కూడా ఈ పెన్‌డ్రైవ్ నుంచే తేలుతుంది. లినక్స్ తను వాడే పార్టిషన్లను యూయూఐడీ అనే పొడవాటి గుర్తింపుతో ఎఫ్‌స్టాబ్ అనే ఫైలులో రాసుకుంటుంది. అందులో ఉన్న పార్టిషన్‌ను మీరు తీసేసి మళ్లీ చేస్తే గుర్తింపు కొత్తదవుతుంది, ఫైలులో పాతదే ఉంటుంది. సుడో బీఎల్‌కేఐడీ కొడితే ఇప్పటి గుర్తింపులు వస్తాయి. డిస్కులోని ఎఫ్‌స్టాబ్ తెరిచి ఆ లైను సరిచేయండి. పెన్‌డ్రైవ్‌లోని ఎఫ్‌స్టాబ్ వేరు, దాన్ని మార్చి లాభం లేదు.

పార్టిషన్లను చూపించే జీపార్టెడ్ తెరిస్తే లినక్స్ ఉండాల్సిన చోట "అన్‌అలొకేటెడ్" అని బూడిదరంగు కనిపిస్తే మాత్రం ఇక ఏమీ రాయకండి, కొత్త పార్టిషన్ చేయకండి. పెద్ద పార్టిషన్లతో పాటు 100 ఎంబీ ఈఎఫ్ఐ పార్టిషన్‌ను పనికిరాదనుకుని తీసేసేవారూ ఉన్నారు. అది పోతే రెండు సిస్టమ్‌లూ లేవవు. పోయిన పార్టిషన్ మీద ఇంకేదీ పడకపోతే టెస్ట్‌డిస్క్‌తో తిరిగి తేవచ్చు. అందులో అనలైజ్, తర్వాత క్విక్ సెర్చ్. దొరికిన పార్టిషన్ మీద పీ అక్షరం నొక్కితే లోపలి ఫైళ్ల పేర్లు చూపిస్తుంది. మీ ఫైళ్లను గుర్తుపట్టాకే "రైట్" (రాయడం) ఎంచుకోండి. అనుమానం ఉంటే ఆగి, తెలిసినవాళ్లను పక్కన కూర్చోబెట్టుకోండి.

విండోస్‌కూ మరమ్మతు కావాలంటే ముందు అదే చేయించండి, గ్రబ్ తర్వాత. పాత పద్ధతి డిస్కుల్లో విండోస్ రిపేర్ గ్రబ్‌ను తుడిచేస్తుంది కాబట్టి వరుస తిరగబడితే పని రెండింతలు. బిట్‌లాకర్ ఉన్న ల్యాప్‌టాప్ 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. చాలామందికి అది తమ మైక్రోసాఫ్ట్ ఖాతాలోనే దొరుకుతుంది.

మళ్లీ పార్టిషన్ మార్చే రోజు

విండోస్ డ్రైవ్‌ను విండోస్‌లోనే డిస్క్ మేనేజ్‌మెంట్‌తో తగ్గించండి. లినక్స్‌ను పెన్‌డ్రైవ్ నుంచి జీపార్టెడ్‌తో మార్చండి. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆపేశాకే మొదలుపెట్టండి, లేకపోతే అది పూర్తిగా మూతపడదు, సగం నిద్రలో ఉంటుంది. పార్టిషన్ చివరను తగ్గించడం చిన్న పని. మొదలును జరపడం పెద్దది, ఎందుకంటే లోపలి డేటా మొత్తం ఒకచోటి నుంచి ఇంకోచోటికి నడవాలి. పాత హార్డ్ డిస్కు మీద గంటలు పడుతుంది. ఆ మధ్యలో కరెంటు పోతే డేటా సగం అక్కడ సగం ఇక్కడ ఉండిపోతుంది. పైన చెప్పిన ఏ మందూ దానికి పనిచేయదు.

చంద్రపూర్ పక్కన దుర్గాపూర్‌లో అంత పెద్ద థర్మల్ కేంద్రం ఉన్నా మొదటి వానల ఉరుములకు ఇళ్లలో కరెంటు పోవడం తప్పదు. మే నెలలో ఎండ 45 డిగ్రీలు దాటే ఊరు కాబట్టి మధ్యాహ్నం పూట గంటల తరబడి డిస్కును తిప్పడమూ మంచిది కాదు. తెల్లవారుజామున, చార్జర్ పెట్టి, బ్యాటరీ నిండాక మొదలుపెట్టండి. బ్యాటరీ పది నిమిషాలు కూడా నిలవని ల్యాప్‌టాప్ అయితే యూపీఎస్ ఉన్న స్నేహితుడి ఇంట్లో ఆ పని పెట్టుకోండి.