బొటనవేలు ముంజేతికి ఆనుతుందా? అయితే కడుపు సంగతీ చెప్పండి

మణికట్టు వంచి బొటనవేలిని ముంజేతికి ఆనించండి. ఆనిందా? మోకాళ్లు వంచకుండా రెండు అరచేతులూ నేలకు తాకించగలరా? చిన్నప్పుడు చేతులూ కాళ్లూ మెలితిప్పి తోటిపిల్లలను నవ్వించేవారా? భుజమో మోకాటిచిప్పో ఒకటికి రెండుసార్లు పక్కకు జారిందా? మీ కీళ్లు అందరికన్నా ఎక్కువ వంగుతాయని మీకే అనిపిస్తుందా? ఈ ఐదు ప్రశ్నలనూ 2003లో హకీమ్, గ్రహామ్ అనే బ్రిటన్ డాక్టర్లు సిద్ధం చేశారు. రెండింటికి అవునన్నా మీవి వదులు కీళ్లు కావచ్చు.

ఆరో ప్రశ్న నాది. నాలుగు ముద్దలకే కడుపు నిండిపోయి, తిన్నది గంటల తరబడి అక్కడే కూర్చున్నట్టు ఉంటోందా?

మన రాయలసీమలోని సోమందేపల్లెలో ఈ రెండు బాధలూ ఒకే మనిషికి ఉన్నా వాటి దారులు కలవవు. భుజం జారితే పుత్తూరు కట్టు కట్టేవాళ్ల దగ్గరికి పోతాం. కడుపు ఉబ్బరిస్తే మెడికల్ షాపులో పరగడుపు మాత్ర అడుగుతాం, లేదంటే జీలకర్ర సోడా తాగుతాం. కట్టు కట్టినాయన కడుపు గురించి అడగడు, మాత్ర ఇచ్చినాయన భుజం చూడడు. తప్పు వాళ్లది కాదు, మనం చెప్పలేదు. ఒంట్లో జరిగేదంతా ఒకేచోట, ఒకే మనిషికి చెప్పడం నేర్చుకోవాల్సిన విద్య. ఇంటర్వ్యూలో ఎలా మాట్లాడాలో నేర్పేవాళ్లు వీధికొకరున్నారు, డాక్టరు ముందు ఎలా మాట్లాడాలో నేర్పేవాళ్లే లేరు.

ముందు కీళ్లకూ కడుపుకూ ఉన్న ఈ ముడి ఎంత గట్టిదో చూద్దాం. లండన్‌లో జీర్ణకోశ నిపుణుడు కాసిం అజీజ్ బృందం దీన్ని ఏళ్లుగా పరిశోధిస్తోంది. కారణం తేలని కడుపు బాధలతో ఒక పెద్దాసుపత్రికి వచ్చిన 129 మందిని పరిశీలించి 2010లో ఫలితాలు ప్రచురిస్తే, వాళ్లలో 63 మందికి వదులు కీళ్ల లక్షణాలు కనిపించాయి. అంటే దాదాపు సగం. మొండి కేసులు చేరే ఆసుపత్రి కాబట్టి ఆ లెక్కను మన వీధికి అలాగే అంటించకూడదు. తర్వాతి పరిశోధనల్లో భోజనం అయ్యాక వచ్చే బరువు, కొంచానికే నిండిపోవడం అనే బాధలతోనే ఈ ముడి ఎక్కువగా బయటపడింది. ఇంకో సంగతి: వదులు కీళ్లు ఐరోపావాళ్లకన్నా ఆసియావాళ్లలో, మగవాళ్లకన్నా ఆడవాళ్లలో ఎక్కువ. అలా ఉన్నవాళ్లలో చాలామందికి ఏ ఇబ్బందీ ఉండదు. వాళ్లు ఈ పేజీ తిప్పేయొచ్చు.

కీలుకూ కడుపుకూ ఈ ముడి ఎందుకు? సోమందేపల్లె మగ్గాల ఊరు కాబట్టి ఆ మాటల్లోనే చెప్పుకుందాం. పడుగు బిగువుగా ఉంటేనే పేక సరిగా కూర్చుంటుంది. ఒంట్లో పడుగు లాంటిది కొల్లాజెన్. కీలును పట్టి ఉంచే పట్టీల్లో ఉన్నదీ, పొట్ట గోడలో ఉన్నదీ అదే జాతి దారం. అన్నం లోపలికి పోగానే పొట్ట పైభాగం సడలి చోటివ్వాలి. ఆ సడలింపు సరిగా జరగకపోయినా, అక్కడి నరాలు అతిగా స్పందించినా, నాలుగు ముద్దలే నలభై అనిపిస్తాయి. కొందరిలో తిన్నది పేగుల్లోకి దిగడమూ ఆలస్యమవుతుంది. గుండె వేగాన్నీ జీర్ణాన్నీ నడిపించే నరాల వ్యవస్థ కూడా వీళ్లలో కొందరికి తడబడుతుంది.

ఇది కొత్తగా కనిపెట్టిన ముడి అనుకునేరు. రెండువేల నాలుగువందల ఏళ్ల కిందట హిపోక్రటీస్ పేరిట వచ్చిన ఒక గ్రంథంలో సిథియన్ల వర్ణన ఉంది. వాళ్ల కీళ్లు వదులు, విల్లు ఎక్కుపెట్టలేరు, అందుకే భుజాలకు వాతలు పెట్టుకుంటారని రాశాడు. ఆ వర్ణనలోనే వాళ్ల పొట్టల గురించీ ఉంది. కారణం ఆయన చెప్పింది వేరు, ఒంట్లో తేమ ఎక్కువన్నాడు. అయినా కీలునూ కడుపునూ ఒకేచోట చూశాడు. వాతల సంగతికొస్తే మన పల్లెలూ తక్కువ తినలేదు, కడుపునొప్పి పిల్లల పొట్టమీద కాల్చిన మచ్చలు ఈ తరంలోనూ కనిపిస్తాయి.

ఇక మన చేతిలో ఉన్నవాటిలో అన్నిటికన్నా తొందరగా సరిదిద్దుకోగలిగింది నొప్పి మాత్రల వాడకం. వదులు కీళ్లవాళ్లలో కొందరికి కీళ్లనొప్పులు తరచూ వస్తాయి. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ మింగుతారు, లేదా ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకుంటారు. ఈ జాతి మందులు పొట్ట లోపలి పొరను దెబ్బతీస్తాయి, పుండ్లూ పడొచ్చు. దాంతో మంట పెరుగుతుంది, మంటకు ఇంకో మాత్ర. ట్రమడాల్ లాంటివైతే పేగుల కదలికనే మందగింపజేస్తాయి. కీళ్లకోసం మింగింది కడుపుకు చేటు చేస్తోంది, మీరేమో నిన్న తిన్న మిరపకాయ బజ్జీని తిడుతున్నారు! ఈ నెలలో ఏ నొప్పికి ఏ మాత్ర ఎన్నిసార్లు వేసుకున్నారో ఒక కాగితం మీద రాయండి. ఖాళీ అట్టలు పారేయకుండా దాచండి. పేరు గుర్తులేకపోతే అట్ట చూపిస్తే చాలు.

తిండి దగ్గర మన సీమలో ఒక పట్టుదల ఉంది. ఒక్కపూటే ఇంత లావు రాగి సంకటి ముద్ద, ఊరుబిండి, పైన మజ్జిగ, మళ్లీ రాత్రి దాకా ఏమీ లేదు. చేను పనికి అది సరిపోయిందేమో. ఇలా తొందరగా నిండిపోయే పొట్టకు సరిపోదు. ఆ ముద్దనే రెండు చేయండి. సగం ఒంటిగంటకు, సగం నాలుగింటికి. నూనె ఎక్కువైన తిండి పొట్టలో ఎక్కువసేపు ఉంటుంది, కాబట్టి ఉగ్గాని చాలు, పక్కన బజ్జీలు మానేయండి. తిన్న వెంటనే గుంతమగ్గంలో ముందుకు వంగి కూర్చుంటే పొట్ట నలుగుతుంది. కాస్త అటూ ఇటూ నడిచి కూర్చోండి. రాత్రి తిన్నాక రెండు మూడు గంటలకు గానీ పడుకోవద్దు.

అసలు చిక్కు తిండిలో కాదు, తినిపించేవాళ్ల ప్రేమలో ఉంటుంది. కొత్తకోడలు తక్కువ తింటే అలిగిందంటారు, పెళ్లిపంక్తిలో ఆకు మడిస్తే వంట బాగాలేదా అంటారు. గొడవపడక్కర్లేదు, మొహమాటపడి మింగనూ అక్కర్లేదు. "ఇప్పటికి చాలత్తా, ఇంకో రెండు గంటలకు మళ్లా తింటా" అనండి. కాదనడమూ ఉంది, మళ్లీ తింటానన్న మాటా ఉంది. రెండోసారి నిజంగా తిని చూపిస్తే మూడోరోజుకు ఎవరూ అడగరు. ఎటు వంచితే అటు వంగే కీళ్లకూ, ఎవరేమన్నా తలూపే మనసుకూ పోలిక పెట్టి ఇక్కడ ఒక పేరా నింపొచ్చు. నాకు ఆ పోలిక మీద నమ్మకం లేదు. కీళ్లు వదులైన మొండిఘటాలు బోలెడుమంది.

పక్కనే ఎర్రమంచిలో 2019లో కియా కార్ల తయారీ మొదలయ్యాక ఈ చుట్టుపక్కల షిఫ్టుల బతుకు పెరిగింది. నిలబడి చేసే పనిలో భోజనం అయ్యాక కళ్లు తిరిగి గుండె దడదడలాడుతోందా? ఇందాక చెప్పిన నరాల తడబాటు కావచ్చు. ఐదు నిమిషాలు పడుకుని నాడి లెక్కపెట్టండి, తర్వాత లేచి నిలబడి పది నిమిషాల్లోపు మళ్లీ లెక్కపెట్టండి. తూలి పడిపోకుండా పక్కన ఎవరినైనా ఉంచుకోండి. నిమిషానికి 30కి పైగా పెరిగి దిగకపోతే ఆ అంకె కూడా కాగితం మీదికి ఎక్కాలి.

ఇక వంగడం. యోగా పోటీలో వెనక్కి విల్లులా వంగిన పిల్లకు చప్పట్లు కొడతాం. ఆ పిల్లకు కావాల్సింది ఇంకా వంగడం కాదు, కొస దాకా పోకుండా ముందే ఆపి నిలబడగల కండబలం. ఫిజియోథెరపిస్టు దగ్గర మెల్లగా మొదలుపెడితే నెలలు పడుతుంది. బొటనవేలు వంచి చూపించే ఆట మాత్రం ఇవాళే మానేయొచ్చు.

చివరిగా ఆ కాగితం తీసుకుని పెనుకొండకో హిందూపురానికో వెళ్లి ఫిజీషియన్ ముందు పెట్టండి. "నాకు గ్యాస్ సార్" అనొద్దు. "తిన్న అరగంటకు నిండుగా అయితాది, ఆరు నెలలుగా ఉంది, చిన్నప్పటినుంచి కీళ్లు వంగుతాయి, భుజం రెండుసార్లు జారింది, ఈ మాత్రలు వాడినా" అనండి. అర నిమిషం పట్టదు. డాక్టరు వేళ్లూ మోచేతులూ మోకాళ్లూ నడుమూ వంచి చూసి 9కి ఎన్ని మార్కులో వేస్తారు. బైటన్ స్కోరంటారు, పెద్దవాళ్లకు సాధారణంగా 5 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే వదులు కీళ్ల కిందే లెక్క. హెలికోబాక్టర్ పైలోరి అనే సూక్ష్మజీవికి పరీక్ష అవసరమా అనీ అడగండి. మన దేశంలో అది చాలా మామూలు, కీళ్లతో సంబంధం లేకుండానే కడుపును పాడుచేస్తుంది. "అంతా మనసులోనే ఉంది" అనే జవాబొస్తే కోపం తెచ్చుకోకండి, కాగితం మళ్లీ ముందుకు జరపండి.

బరువు తగ్గుతున్నా, మలం నల్లగా పోతున్నా, వాంతిలో రక్తం కనిపించినా, ముద్ద గొంతులో దిగకపోయినా, రక్తహీనత ఉందన్నా ఈ లెక్కలేవీ వేసుకుంటూ కూర్చోవద్దు. కాగితం లేకపోయినా సరే, ఆరోజే బయల్దేరండి.