పాత నీరు, క్రొత్త నీరు

“క్రొత్త నీరు వచ్చి పాత నీటిని కొట్టుకొనిపోయినది” అని మన పెద్దలు తఱచుగా అనుచుందురు. క్రొత్తది రాగానే పాతది తావు విడువక తప్పదని దీని భావము. కాని తొలకరినాడు గోదావరి యొడ్డున నిలిచి చూచినచో అచ్చట జరుగునది వేఱుగా కనబడును. ఎగువనుండి వచ్చిన ఎఱ్ఱని క్రొత్తనీరు వేసవిలో మిగిలిన సన్నని పాయలతో కలియును. కొంతసేపటికి ఏది పాతదో ఏది క్రొత్తదో చెప్పుట ఎవరి తరమును కాదు. మన యిండ్లలోని పనిముట్ల సంగతియు ఇట్టిదే యని నాకు తోచుచున్నది.

ఖమ్మమునుండి కొత్తగూడెము, పాల్వంచల మీదుగా భద్రాచలమునకు పోవు బాటసారికి రెండు లోకములు ఒకదానివెంట నొకటి ఎదురగును. మొదట సింగరేణి బొగ్గుగనులు, విద్యుత్కేంద్రపు పొగగొట్టములు. మఱికొంత దూరము పోగా టేకు, మద్ది, ఇప్ప, తునికి చెట్ల అడవి. సారపాక కడ కాగితపు కర్మాగారము. దానిని దాటగానే గోదావరి మీది వంతెన. పూర్వము ఖమ్మము జిల్లాలో నుండిన ఈ ప్రాంతము 2016లో భద్రాద్రి కొత్తగూడెము జిల్లాగా ఏర్పడినది. ఈ అడవి యంచున గల కోయపల్లెలలో తాతలనాటి పనిముట్లును, నిన్న మొన్నటి యంత్రములును ఒకే కప్పు క్రింద కాపురము చేయుచున్నవి.

అట్టి యింటిలోనికి ఒకమారు తొంగిచూతము. గోడకు సెల్‌ఫోను ఛార్జరు వ్రేలాడుచుండును. దాని ప్రక్కనే మేకునకు సొరబుర్ర. బాగుగా ముదిరిన సొరకాయను తీగమీదనే యుంచి, తొక్క గట్టిపడిన పిమ్మట కోసి, మెడవద్ద రంధ్రము చేయుదురు. లోన నీరు పోసి, గుజ్జు కుళ్లిన తరువాత గింజలతో కూడ బయటికి తీసి, కడిగి ఎండబెట్టుదురు. పొలమునకు పోవునపుడు దానిలో నీరు గాని అంబలి గాని పోసికొని భుజమునకు తగిలించుకొందురు. మండుటెండలో ప్లాస్టికు సీసాలోని నీరు కాచినట్లగును. బుర్రలోని నీరు చల్లగానే యుండును. బుర్ర పగిలినను చింతలేదు. దాని గింజయే మఱుసటి యేటికి మఱియొక బుర్రను కాచియిచ్చును.

ఫోను సంగతి అట్లు కాదు. దాని తెర పగిలినచో భద్రాచలము పోవలయును, చేతి సొమ్ము పెట్టవలయును. అయినను అర్ధరాత్రివేళ ఇంటిలో ఒకరికి పురిటినొప్పులు వచ్చినపుడు 108 వాహనమునకు కబురంపునది ఆ ఫోనే. 2005లో ఈ సేవ ప్రారంభము కాకమునుపు మారుమూల పల్లెలలో రోగిని మంచముపై పరుండబెట్టి మోసికొనిపోవుటయే గతిగా నుండెడిది. ఇప్పటికిని బాటలేని గూడెములలో వాహనము నిలుచు చోటివరకు మంచమును, డోలీని మోయుచునే యున్నారు. ఒకే ప్రయాణములో సగము పాత సాధనము, సగము క్రొత్త సాధనము! ఇట్టి చోట ఏది గొప్పది యని అడుగుటకంటె, ఏ పనికి ఏది తగును, అది చెడినపుడు మనకు గతి యేమి యని అడుగుట మేలు.

పాతదంతయు మంచిదని భ్రమపడరాదు. ఇప్పచెట్టు కోయలకు కల్పవృక్షము. మార్చి, ఏప్రిల్ నెలలలో తెల్లవాఱకమునుపే దాని పువ్వులు జలజల రాలును. స్త్రీలును పిల్లలును వెదురుగంపలతో పోయి వానిని ఏఱుకొని వత్తురు. ఎండిన పువ్వులో తీపి యధికము. పూర్వము కఱవుకాలమందు అదియే ఆహారముగ నుండెను. గింజలనుండి నూనె తీయుదురు. అయితే పువ్వు కనబడుటకై చెట్టుక్రింది ఎండుటాకులకు నిప్పుపెట్టు అలవాటొకటి కలదు. ఆ నిప్పు ఒక్కొక్కప్పుడు చేయిదాటి అడవిలో ప్రాకును. చిన్న మొక్కలు మాడిపోవును. రేపటి ఇప్పచెట్లు కావలసిన మొలకలు సైతము వానిలో నుండును. మధ్యభారతమందు కొన్ని యెడల చెట్టుక్రింద వలలు పఱచి పువ్వులను పట్టుచున్నారు. వల క్రొత్తది, పువ్వు పాతది. ఆకులను కాల్చు పనిలేదు, పువ్వునకు మన్ను అంటదు. ఇచ్చట నేను సంకోచము లేక క్రొత్తదాని పక్షమే వహింతును.

పొయ్యి విషయమున తీర్పు అంత సులభము కాదు. 2016లో ఉజ్జ్వల పథకము వచ్చినపిదప వంటగ్యాసు ఎఱుగని అనేక గృహములకు సిలిండరు చేరినది. ఐనను కట్టెలపొయ్యి ఆఱలేదు. ఉదయము టీ కాచుటకు, వానకు కట్టెలు తడిసినపుడు గ్యాసు. స్నానమునకు నీళ్లు కాచుటకు, పదిమందికి వండుటకు కట్టెలు. దీనిని వెనుకబాటుతనమనుట తగదు. సిలిండరు వెల తెలిసిన గృహిణి వేసికొన్న లెక్క యిది. కాని ఆ లెక్కలో పొగకు ఎఱ్ఱబడిన ఆమె కన్నులు, దగ్గు చేరలేదనుటయు నిజమే.

క్రొత్తది యెంతకాలము క్రొత్తగా నుండును? పాల్వంచ కడ విద్యుత్కేంద్రము 1966లో పనిచేయ నారంభించినపుడు అది ఈ సీమకు మహాద్భుతము. ఆ పాత విభాగములు కాలము తీఱి మూతపడినవి. 2024 ఆగస్టులో వాని యెనిమిది శీతలీకరణ గోపురములను పేల్చి నేలమట్టము చేసిరి. అంతకంటె పాత కథ దుమ్ముగూడెములో కలదు. పందొమ్మిదవ శతాబ్దిలో ఆంగ్లేయ ఇంజనీర్లు గోదావరి మీదుగా మధ్యపరగణాల వఱకు ఆవిరిపడవలు నడుపదలచిరి. ధవళేశ్వరము ఆనకట్ట కట్టిన ఆర్థరు కాటనునకు ఈ తలపుపై ఎంతో మక్కువ. నదిలోని బండలను తప్పించుటకు దుమ్ముగూడెము కడ ఆనకట్టయు, కాలువయు, లాకులును నిర్మించిరి. బండలను తప్పింపవచ్చును గాని వేసవిలో లేని నీటిని తేలేరు గదా! వ్యయము పెరిగెను, రైలు మార్గములు వచ్చెను. 1871లో ప్రభుత్వము ఆ పనిని విడిచిపెట్టెను. ఆ సంవత్సరముననే ఇల్లెందు కడ డాక్టరు కింగు బొగ్గును కనుగొనుట విచిత్రము. ఆవిరిపడవలు రాకపోయినను, మ్రాను తొలిచి చేసిన దోనెలును, నాటుపడవలును గోదావరిపై తిరుగుట మానలేదు.

ఈ గోదావరియే ఏటేటా ఇచ్చటివారికి పరీక్ష పెట్టును. ఆషాఢ శ్రావణములు వచ్చినచో భద్రాచలమున ఇరువురు కలిసినపుడు మొదట అడుగుకొను మాట “ఎన్ని అడుగులు?” అనునదే. వంతెనకడ నీటిమట్టమును కేంద్ర జలసంఘమువారు కొలుచుచుందురు. 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48 అడుగులకు రెండవది, 53 అడుగులకు మూడవది. ఈ సంఖ్యలు ఇచ్చటి పిల్లలకు ఎక్కములవలె కంఠస్థములు. ఎగువను ప్రాణహిత, ఇంద్రావతులు తెచ్చు నీటిని ముందే కొలిచి, అది ఎన్ని గంటలకు భద్రాచలము చేరునో లెక్కించి చెప్పుదురు. దిగువను కూనవరము కడ శబరి పొంగుచున్నచో గోదావరి నీరు త్వరగా దిగదు. ఆ లెక్కయు చూడవలయును. ఇది ఆధునిక శాస్త్రము చేసిన గొప్ప మేలు. ఫోనులో ఆ సంఖ్య క్షణములో పల్లెకు చేరుచున్నది.

అయితే “53 అడుగులు” అని విన్న పల్లెవాడు ఏమి చేయవలయును? ఆ సంఖ్య భద్రాచలము వంతెనకు చెందినది. వాని గుడిసెకు చెందినది కాదు. గోదావరి పోటెత్తినపుడు దానిలో కలియు వాగులు ముందునకు పోలేక వెనుకకు తన్నును. నీరు నదివైపునుండి గాక ఊరి వెనుకనుండి వచ్చి చుట్టుముట్టును. ఏ వాగు మొదట ఎదురెక్కును, ఏ బాట మునుగును, ఏ దిబ్బ పొడిగా మిగులును? ఇవి ఏ ఫోనులోను దొరకవు. “భద్రాచలములో ఇంత యున్నపుడు మన చింతచెట్టు మొదలు తడియును” అని చెప్పగలవాడు ఆ ఊరి ముసలివాడొక్కడే. సంఖ్య ముందుగా వచ్చును, జ్ఞాపకము దానికి అర్థము చెప్పును. ఒకటి లేక రెండవది సగమే.

2022 జూలై 16వ తేదీన భద్రాచలమున నీరు 71.3 అడుగులకు ఎక్కెను. వంతెనపై రాకపోకలు ఆపివేసిరి. ఆ వంతెన 1965లో ప్రారంభమైనది. అంతకుముందు ఆవలికి పోవుటకు పడవయే శరణ్యము. కరెంటు పోయిన ఊళ్లలో ఫోను రెండు పూటలు కూడ నిలువదు. అట్టి చోట పడవ, డప్పు చాటింపు మరల పెద్దరికము వహించును. అంతకుమించిన వరద 1986 ఆగస్టులో వచ్చెను. నాటి మట్టము 75.6 అడుగులు. 1990లో మఱొకమారు 70 అడుగులు దాటినది. అనగా 2022 నాటికి ముప్పది యేండ్లవారిలో అంతటి నీటిని కన్నులార చూచినవారు లేరు. నీరు తమ యింటివఱకు రాదని వారు నమ్మినచో తప్పుపట్టలేము. 1986లో నీరు ఎచ్చటివఱకు వచ్చినదో ఎఱిగినవారు నాడు నలువదియేండ్ల పైబడినవారు.

వారి జ్ఞాపకము వారితోనే పోవుచున్నది. సెల్‌ఫోను కొనుటకు సొమ్ము కావలయును. ఈ జ్ఞాపకమును నిలుపుకొనుటకు ఒక సున్నపుముద్ద చాలును. గోదావరి యొడ్డు పల్లెలలో చదువుకొను విద్యార్థులు వేసవి సెలవులలో తాతయ్యలను, అమ్మమ్మలను వెంటబెట్టుకొని ఊరంతయు తిరుగవచ్చును. “ఎనుబదియాఱులో నీరు ఇంతవఱకు వచ్చె”నని వారు చూపిన గోడపైన, చెట్టుపైన గీత గీయవచ్చును. ప్రక్కన సంవత్సరమును, నాటి భద్రాచలపు అడుగులను వ్రాయవలయును. సున్నము వానకు కడుగుకొనిపోవును గనుక ఆ గీతలనే ఒక నోటుబుక్కులోనికి ఎక్కించి బడిలో నుంచవలయును. ఫోనుతో ఛాయాచిత్రము తీసియు దాచవచ్చును. మఱల తొలకరి వచ్చి, “ఎన్ని అడుగులు?” అను మాట వినబడు వేళకు అవి సిద్ధముగా నుండవలయును.