వాన వరద – తూము – కంప్యూటరు లెక్క

విశాఖపట్టణము కొండలకును సముద్రమునకును నడుమ వెలసిన నగరము. కొండవాలుపై కురిసిన వాన గెడ్డల వెంట కొద్ది సేపటిలోనే పల్లపు పేటలకు చేరును. ఇండ్లు, రోడ్లు, కర్మాగారములు పెరిగిన కొలది నేలలో ఇంకు నీరు తగ్గి, పారు నీరు హెచ్చును. ఈ వరదను కొంతసేపు ఆపి మెల్లగా విడుచుటకు ఏర్పరచునదే నిలుపుదల చెరువు.

ఈ భావము మనకు క్రొత్తది కాదు. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద హైదరాబాదును ముంచిన పిదప, నగరమునకు ఎగువన జలాశయములు నిర్మించి వరదను ఆపవలెనని మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు సూచించిరి. 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తియైనవి.

చెరువు ఎంత పెద్దదైనను, దాని ప్రయోజనము నీరు వెలువడు మార్గముపై ఆధారపడి యుండును. ఈ మార్గములు ముఖ్యముగా రెండు. మొదటిది అడుగున నుండు తూము. ఉత్తరాంధ్ర రైతులు దీనిని మదుము అందురు. రెండవది గట్టుపై నుండు అలుగు. తూము నుండి వెలువడు నీరు లోతు యొక్క వర్గమూలమును అనుసరించును. లోతు నాలుగు రెట్లైనను ప్రవాహము రెండు రెట్లే యగును. అలుగుపై లోతు నాలుగు రెట్లైనచో ప్రవాహము ఎనిమిది రెట్లగును. కావున సాధారణ వానకు తూము, పెను వానకు అలుగు ఉండవలెను.

ఉదాహరణకు, తూము వైశాల్యము 0.5 చదరపు మీటరు, గుణకము 0.6, తూము మధ్యనుండి నీటి ఎత్తు 2 మీటర్లు అనుకొందము. సెకనుకు సుమారు 1.88 ఘనపు మీటర్లు వెలువడును. అయితే పోటు వలన వెలుపలి నీరు తూము మధ్యకంటె 1.5 మీటర్లు పైకి వచ్చినచో, లెక్కకు వచ్చునది 0.5 మీటరు తేడాయే. ప్రవాహము సగమై 0.94కు దిగును.

తీరనగరమునకు ఇదియే అసలు సమస్య. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ వద్ద తీరము దాటెను. అట్టి తుపానులలో కుంభవృష్టియు, సముద్రపు ఉప్పెనయు ఒకేసారి రావచ్చును. నీరు అధికముగా చేరు వేళనే తూము శక్తి క్షీణించును.

వచ్చిన నీటినుండి పోయిన నీటిని తీసివేయగా మిగిలినది చెరువులో పెరిగిన నీరు. నీరు పెరిగిన కొలది మట్టము మారును. మట్టముతో పాటు ప్రవాహమును మారును. కనుక కొద్ది నిమిషములకు ఒకసారి లెక్క మరల కట్టవలెను. చేతితో ఇది మిక్కిలి శ్రమ. 1971లో అమెరికాలో వెలువడిన ఎస్.డబ్ల్యు.ఎం.ఎం., అటుపై వచ్చిన హెచ్.ఇ.సి.–హెచ్.ఎం.ఎస్. వంటి సాఫ్ట్‌వేర్లు దీనిని క్షణములలో చేయును.

కాని ఇచ్చిన వివరములను బట్టియే సమాధానము వచ్చును. గెడ్డ ముఖము సదా తెరచి యున్నదని వ్రాసినచో, చెరువు కాగితముపై మాత్రమే సురక్షితము. కావున విద్యార్థులు ఒకే వానకు మూడు లెక్కలు కట్టవలెను: పాటు వేళ, పోటు వేళ, చెత్తతో తూము సగము మూసికొనిపోయిన వేళ. మూడింటిలో మిక్కిలి చెడ్డ ఫలితమునకు తగినట్లు అలుగును నిర్ణయించవలెను. ఆ లెక్క తప్పినచో నష్టపోవువారు గెడ్డ దిగువన నివసించు పేదలే.