జాకీ లేపడానికే, మోయడానికి కాదు



మీ ఇంట్లో డ్రైవరు గాని, క్లీనరు గాని, మెకానిక్ గాని ఉంటే ఈ పాఠం మీ కోసమే. బండి కింద నలిగినవారిని వార్డుకు తెచ్చినప్పుడు వెంట వచ్చినవారు తరచుగా చెప్పే మాట ఒకటే: “జాకీ వేసే ఉంది సిస్టర్, అయిదు నిమిషాల పనే కదా అని దూరాడు.” బండి పని నాది కాదు. అయినా ఈ గాయాలకు కట్లు కట్టేదాన్ని కనుక, అవి ఎలా జరుగుతాయో మెకానిక్కులను అడిగి తెలుసుకున్నాను.

గాలి సంచులతో వచ్చే ప్రమాదం

దూరప్రయాణపు పెద్ద బస్సులు, మంచాలూ వంటగదీ అమర్చిన క్యారవాన్లలో చాలావాటికి వెనుక ఇరుసు మీద కమాను పట్టీలకు బదులు రబ్బరు గాలి సంచులు ఉంటాయి. టన్నుల బరువు ఆ గాలి మీదే నిలుస్తుంది. పాత సంచి పగిలినా, గాలి గొట్టం ఊడినా బండి ఒక్కసారిగా కిందికి దిగుతుంది. చక్రం పైనున్న సందు క్షణంలో మూసుకుపోతుంది. ఇరుసు కింద జాకీ పెట్టి లేపినా బాడీ గాలి మీదే ఉంటుందని మరువకండి.

కిందికి దూరే ముందు

1. నేల గట్టిగా, సమంగా ఉండాలి. మట్టిలోను, ఎండకు మెత్తబడిన తారులోను జాకీ కుంగుతుంది. దాని కింద వెడల్పైన దళసరి పలక వేయాలి.

2. ముందు చక్రాలకు రెండు వైపులా అడ్డు దిమ్మలు పెట్టాలి. చాలా బండ్లలో హ్యాండ్ బ్రేకు వెనుక చక్రాలనే పట్టుకుంటుంది. అవి నేల విడిచాక ఆ బ్రేకు బండిని ఆపలేదు.

3. బండి బరువుకు తగిన జాకీని, కంపెనీ పుస్తకంలో చూపిన చోటే పెట్టాలి.

4. లేపిన వెంటనే ఛాసిస్ కింద రెండు వైపులా ఇనుప స్టాండ్లు పెట్టి, బరువును వాటి మీదికి దించాలి. ఇటుకలు, రాళ్లు, సిమెంటు దిమ్మలు హఠాత్తుగా పగిలిపోతాయి. బయట నిలబడే బండిని కదిపి చూడాలి.

5. ఆ తరువాతే సంచుల్లో గాలి పూర్తిగా తీసివేసి గొట్టం విప్పాలి. తాళంచెవి పనిచేసే మనిషి జేబులోనే ఉండాలి. ఎవరైనా ఇంజను వేస్తే మళ్లీ గాలి ఎక్కి బండి కదులుతుంది.

6. ఒంటరిగా ఈ పని చేయకూడదు.

ప్రమాదం జరిగితే

వెంటనే 108కు ఫోన్ చేయండి. కంగారుగా మీరూ కింద దూరకండి. ముందు చక్రాలకు అడ్డు పెట్టండి. తల, ఛాతీ, కడుపు నొక్కుకుపోయి ఊపిరి అందకపోతే ఆలస్యం చేయక మరో జాకీతో బరువు లేపి, దిమ్మలు పెట్టండి. కాలు గాని చెయ్యి గాని చిక్కుకుంటే బలవంతంగా లాగకండి. ఎంతసేపటి నుండి చిక్కుకుందో 108 వారికి చెప్పి, వారు చెప్పినట్లు చేయండి. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టండి. ఆపరేషన్ అవసరం కావచ్చు గనుక నోటి ద్వారా ఏమీ ఇవ్వకండి. నలిగిన చోట మర్దన చేయకండి.

“లేచి మాట్లాడుతున్నాడు కదా” అనుకోవద్దు

1940-41లో లండన్ బాంబు దాడుల్లో శిథిలాల కింద నుండి తీసినవారిలో కొందరు మొదట బాగానే కనిపించి, కొద్ది రోజులకే మూత్రపిండాలు పనిచేయక చనిపోయారు. వారి స్థితిని వైద్యులు అప్పుడు వివరంగా వ్రాశారు. నలిగిన కండరాల్లోని పదార్థాలు రక్తంలో కలిసి మూత్రపిండాలను, గుండెను దెబ్బతీస్తాయి. అందుకే పైకి గాయం కనిపించకపోయినా ఆసుపత్రికి తీసుకురండి. ఇంటికి పంపాక మూత్రం తగ్గినా, డికాషన్ రంగులో వచ్చినా, వాపు బిగుసుకుని నొప్పి పెరుగుతున్నా, వేళ్లు తిమ్మిరెక్కినా తెల్లవారే వరకు ఆగకుండా తిరిగి రండి.

ఇంట్లో వారు చేయగలిగిన పని చిన్నదే. ఆయన చాప పరుచుకుని బండి కిందికి వంగేటప్పుడు, “స్టాండ్లు పెట్టారా అండీ?” అని అడగండి. కొడుకైతే, “స్టాండు పెట్టావా నాయనా?” అనండి. విసుక్కున్నా సరే, జవాబు వచ్చేదాకా అక్కడే నిలబడండి.