సాహిత్య పరీక్షలో వ్యాసరచన

ఇంగ్లండులో విద్యార్థులు సాధారణంగా పదహారేండ్ల ప్రాయంలో రాసే జి.సి.ఎస్.ఇ. పరీక్షలలో ఆంగ్ల సాహిత్యం ఒకటి. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలూ దీనిని రాస్తుంటారు. 2017 నుండి అమలులో ఉన్న పద్ధతి ప్రకారం పరీక్ష గదిలోకి పాఠ్యగ్రంథాన్ని అనుమతించరు. ఎ.క్యు.ఎ. అనే పరీక్షా సంస్థ షేక్స్‌పియర్ నాటకంలోని ఒక చిన్న భాగాన్ని ప్రశ్నపత్రంలో ముద్రించి, దానితో ఆరంభించి నాటకమంతటినీ చర్చించమంటుంది. సమాధానానికి 30 మార్కులు. భాషాశుద్ధికి వేరుగా 4.

‘మాక్‌బెత్’ నాటకంలో లేడీ మాక్‌బెత్ ఎంతవరకు శక్తిమంతురాలు అని అడిగారనుకొందాం. చాలామంది కథ చెప్పడానికి పూనుకొంటారు. మంత్రగత్తెల జోస్యం, డంకన్ రాజు హత్య, విందులో ప్రేతం వరుసగా వచ్చేస్తాయి. అందులో తప్పు ఒక్కటీ ఉండకపోవచ్చు, సమాధానమూ ఉండదు. కథ పరీక్షకునికి తెలిసినదే. అతడు కోరేది విద్యార్థి నిర్ణయాన్ని, దానికి గ్రంథంలో గల ఆధారాన్ని.

ప్రథమాంకం ఐదవ రంగంలో ఆమె తన కత్తి చేసే గాయం ఆ కత్తికే కనబడనంత చిక్కని చీకటిని ఆహ్వానిస్తుంది. పంచమాంకం మొదటి రంగంలో, నిద్రలో నడిచే ఆమె చెంత అనుక్షణం దీపం వెలుగుతూ ఉండాలి. అది ఆమె ఆజ్ఞ. చీకటిని పిలిచిన స్త్రీ చీకటికి జడుస్తున్నది. చేసిన పనిని చూడకుండా ఉన్నంతవరకే ఆమె శక్తి నిలిచిందనే నిర్ణయానికి ఈ రెండు తావులు చాలు. పైగా, అంతవరకు ప్రధానంగా ఛందోబద్ధంగా పలికిన పాత్ర ఇక్కడ తునకలైన వచనంలో మాట్లాడుతుంది. పద్యనాటకాలు ఎరిగిన తెలుగువారికి ఈ మార్పులోని బరువు వేరే చెప్పనక్కరలేదు.

చారిత్రక నేపథ్యం విషయంలో మరింత జాగ్రత్త అవసరం. 1605 నాటి తుపాకిమందు కుట్రను గురించి ఒక పేరా కంఠస్థం చేసి, ప్రశ్న ఏదైనా దానిని అతికించేవారున్నారు. రాజహత్యను చర్చించేటప్పుడు అది ఉపకరిస్తుంది. ఈ ప్రశ్నకు అంతగా పనికిరాదు. జేమ్స్ రాజు మంత్రవిద్యపై 1597లో స్వయంగా గ్రంథం ప్రకటించాడన్న సంగతి మాత్రం, దుష్టశక్తులను పిలిచే ఆమె మాటలకు నాటి ప్రేక్షకులు ఎందుకు ఉలిక్కిపడి ఉంటారో తెలుపుతుంది. మూలంలో లేనిది రాయనని, అపేక్షితం కానిది చెప్పనని నియమం పెట్టుకొన్న వ్యాఖ్యాత మల్లినాథసూరి మన కొలచెలమవాడే.

పుస్తకం చెంత ఉండదు గనుక ఉల్లేఖనలు కంఠస్థం కావాలి. దీర్ఘ సంభాషణలకంటె రెండు మూడు పదాల తునకలు మేలు. అవి విద్యార్థి సొంత వాక్యంలో సులువుగా ఇముడుతాయి. ఒక గంట 45 నిమిషాల వ్యవధిలో రెండు సమాధానాలు రాయాలి. మొదటి ఐదారు నిమిషాలు కలం ఆపి, నిర్ణయాన్ని ఒక్క వాక్యంగా కూర్చుకోవడం కాలహరణం కాదు.

అభ్యాసం: విందులో బాంక్వో ప్రేతం మాక్‌బెత్‌కు మాత్రమే కనబడుతుంది. దీనివలన లేడీ మాక్‌బెత్ శక్తికి ఏర్పడిన పరిమితిని, కథ చెప్పకుండా, ఒక పేరాలో వివరించండి.