విష వ్యాపారం: భోపాల్ నేర్పే పాఠం



ఆర్య అష్టాంగ మార్గంలో ఐదవది సమ్యక్ ఆజీవం. అంటే ఇతరులకు హాని చేయకుండా బతకడం. ఉపాసకులు చేయకూడని ఐదు వ్యాపారాలను బుద్ధుడు చెప్పాడు: ఆయుధాలు, మనుషులు, మాంసం, మత్తు పదార్థాలు, విషం. "మనం విషం అమ్మడం లేదు కదా, ఈ పాఠం మనకెందుకు?" అని చాలామంది అడుగుతారు. ఎందుకో భోపాల్ చెబుతుంది.

1984 డిసెంబర్ 2 అర్ధరాత్రి. యూనియన్ కార్బైడ్ పురుగుమందుల ఫ్యాక్టరీ నుంచి సుమారు 40 టన్నుల మిథైల్ ఐసోసయనేట్ లీకైంది. పక్కనే జయప్రకాశ్ నగర్ లాంటి పేదల బస్తీలు. నిద్రలో ఉన్న జనం కళ్లు మండి, ఊపిరాడక, పిల్లల్ని ఎత్తుకుని పరుగెత్తారు. రాష్ట్ర ప్రభుత్వం ఒప్పుకున్న లెక్కే 3,787 మరణాలు. గాయపడ్డవాళ్లు 5 లక్షల పైనే.

ఇది దుఃఖం. మరి దీనికి కారణం ఏమిటి?

"వాళ్ల పూర్వజన్మ కర్మ" అనేవాళ్లు ఉన్నారు. అది ధమ్మం కాదు. కారణం ఆ ఫ్యాక్టరీలోనే ఉంది. ట్యాంకును చల్లగా ఉంచే యంత్రాన్ని నెలల ముందే ఆపేశారు. లీకైన వాయువును కాల్చేసే గొట్టం విప్పి ఉంది. అమ్మకాలు పడిపోయాయని సిబ్బందిని, ఖర్చును తగ్గించారు. జనాన్ని చంపాలని ఎవరూ అనుకోలేదు. డబ్బు మిగిలితే చాలనుకున్నారు. లోభం అంటే ఇదే.

తర్వాత ఏమైంది? ఛైర్మన్ ఆండర్సన్‌ను అరెస్టు చేసి అదే రోజు బెయిల్ ఇచ్చారు. దేశం దాటిన ఆయన 2014లో చనిపోయేదాకా మన కోర్టుకు రాలేదు. 330 కోట్ల డాలర్లు అడిగిన మన ప్రభుత్వం 1989లో 47 కోట్లకే రాజీపడింది. 2001లో కార్బైడ్‌ను కొన్న డౌ కెమికల్ ఆ బాధ్యత తనది కాదంది. కంపెనీ చేతులు మారింది. రోగం మాత్రం బస్తీవాళ్ల ఒంట్లోనే ఉండిపోయింది.

2020 మే 7న మన విశాఖలో ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ లీకై 12 మంది చనిపోయారు. అక్కడా చల్లగా ఉండాల్సిన ట్యాంకే వేడెక్కింది. కారణాన్ని తొలగించకపోతే దుఃఖం మళ్లీ పుడుతుంది.

మరి మార్గం? రాజ్‌కుమార్ కేస్వానీ అనే జర్నలిస్టు 1982లోనే భోపాల్‌ను హెచ్చరించాడు. ఎవరూ వినలేదు. ఆయన చేసింది సమ్యక్ వాక్కు. గ్యాస్ బాధితులైన రషీదా బీ, చంపాదేవి శుక్లా తోటి ఆడవాళ్లను కూడగట్టి ఏళ్ల తరబడి పోరాడారు. అది సమ్యక్ వ్యాయామం. కళ్లు మూసుకుని కూర్చుంటేనే ధ్యానం కాదు, కళ్లు తెరిచి చూడటం కూడా సాధనే.

ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్లు పాడైన యంత్రం గురించి నోరు విప్పాలి. ఊరి పక్కకు ఫ్యాక్టరీ వస్తుంటే ప్రజాభిప్రాయ సేకరణకు అందరం కలిసి వెళ్లాలి. ఒక్కరిగా అడిగితే కంపెనీ వినదు. అందుకే సంఘం.

ఆలోచించండి: మీ ఊరి దగ్గరి ఫ్యాక్టరీలో ఏం నిల్వ ఉంచుతున్నారు? ప్రమాదం జరిగితే ఎటు పరుగెత్తాలో మీకెవరైనా చెప్పారా? వచ్చే సమావేశానికి ఈ రెండు ప్రశ్నలకు జవాబులు తెలుసుకుని రండి.

నమో బుద్ధాయ! జై భీమ్!