మనమా, మేమా

చెన్నేకొత్తపల్లి

చిరంజీవి అబ్బాయికి,

తెలుగు కవితల్ని ఇంగ్లీషులోకి తెస్తానంటున్నావు, సంతోషం. సమాసాలు, పోలికలు ఎట్లా దాటించాలని నీ దిగులు. నా భయమంతా రెండు చిన్న మాటల మీద: మనం, మేము. మన ఊరి శెనక్కాయ రైతు బ్యాంకు ఆఫీసరు ముందు ‘మాకు వానల్లేవు సార్’ అంటాడు. పక్కచేని ఆసామితో అయితే ‘మనకు వానల్లేవు’ అంటాడు. ఆఫీసరుతో ‘మనకు’ అన్నాడనుకో, ఆయన్నీ ఆ బీడులో నిలబెట్టినట్టే. ఇంగ్లీషులో ఈ రెంటికీ ‘వుయ్’ ఒక్కటే దిక్కు.

స్లొవేనియా వాళ్లదీ ఇట్లాంటి చిక్కే. వాళ్ల భాషలో, సంస్కృతంలో లాగే, ద్వివచనం ఉంది. మనమిద్దరమే అయితే ‘మిద్వా’, ఎక్కువమందైతే ‘మి’. ప్రేమ కవితలో ఆ ఒక్క మాటే తలుపేసి గడియ పెట్టేస్తుంది. ఇంగ్లీషుకు రాగానే తలుపు బార్లా తెరుచుకుంటుంది. అయినా వాళ్లు ఆగలేదు. వాళ్ల కవి తొమాజ్ షలమున్ కవితలు 1988లో చార్లెస్ సిమిక్ సంపాదకత్వంలో అమెరికాలో పుస్తకంగా వచ్చాయి. గుడ్డు, తురుముపీట వంటి వస్తువుల మీద అలేష్ ష్టెగెర్ రాసిన కవితల్ని బ్రయన్ హెన్రీ 2010లో అనువదించాడు, మరుసటేడు దానికి బహుమతీ వచ్చింది. తురుముపీట ఏ దేశంలోనైనా తురుముపీటే కాబట్టి ఆ పుస్తకానికి దారి కొంత సుళువైందేమోనని నా అనుమానం.

మన దగ్గర అంత సుళువు కాదు. 1995లో వచ్చిన దళిత కవితా సంకలనం ‘చిక్కనవుతున్న పాట’, 1998 నాటి ముస్లింవాద కవితల ‘జల్‌జలా’ తీసి చూడు. అట్లాంటి కవిత్వానికి ‘మేము’ ప్రాణం. అగ్రకులపు పాఠకుడికి తాను ఆ మాటకు బయట ఉన్నానని వెంటనే తగులుతుంది. ఇంగ్లీషులో అదే మనిషి ‘వుయ్’ లోకి దర్జాగా వచ్చి కూర్చుంటాడు, పైగా కంటతడి కూడా పెడతాడు!

సందర్భాన్ని బట్టి తెలుస్తుంది కదా అంటావు. కథలో అయితే ఒప్పుకుంటా. ఎవరు ఎవరితో అంటున్నారో చెప్పుకోడానికి అక్కడ చోటుంది. ఎనిమిది పాదాల కవితలో ఆ సర్వనామమే సందర్భం. ఫుట్‌నోటు పెడితే పోలేదా అంటే, దెబ్బ తగిలాక కట్టే కట్టు అది. మూలాన్ని పక్కనే అచ్చేస్తే సరి అంటావా? మన కదిరి దగ్గర కటారుపల్లిలో సమాధి ఉన్న వేమన పద్యాల్ని సి.పి. బ్రౌన్ 1829లో తెలుగూ ఇంగ్లీషూ కలిపే అచ్చేశాడు గానీ, ఆ మేలు తెలుగు లిపి వచ్చినవాళ్లకే.

నేనైతే ‘యు’ని వాడుకోమంటాను. ‘మేము’ వచ్చిన చోట ఆ పాదంలోనో కిందిదాంట్లోనో ‘యు’ని తెచ్చి ఎదురుగా నిలబెట్టు. అప్పుడు ‘వుయ్’కి ఒక గట్టు ఏర్పడుతుంది. కవి రాయనిది చేర్చినట్టు కాదా? కాదు, ‘మేము’లో ఆ ‘మీరు’ ముందే ఉన్నారు. ఒక్క చోట మాత్రం చెయ్యి పెట్టొద్దు. సర్వనామం లేకుండా ‘వెళ్తాం’ అని ఊరుకున్నప్పుడు తెలుగులోనూ అది మనమో మేమో తేలదు, క్రియ చివర రెంటికీ ఒకటే. అక్కడ ఇంగ్లీషు ‘వుయ్’ అచ్చంగా సరిపోతుంది. నువ్వు పంపిన మూడో కవిత మొత్తం అట్లాంటిదే. దానికి ‘యు’ తగిలించావు, తీసేసి మళ్లీ పంపు.

ఆశీస్సులతో